పని నిలువక సర్వరులను నవీకరించు విధము

విద్యార్థులారా! ఆసుపత్రి రిజిస్టరులు, బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు నేడు సర్వరులమీదనే నడచుచున్నవి. సర్వరునందలి మూల సాఫ్టువేరు కొన్నేండ్లకు పాతబడును. వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ 6.7 అను దానికి సాధారణ మద్దతు 2022 అక్టోబరు 15వ తేదీతోను, 7.0 అను దానికి 2025 అక్టోబరు 2వ తేదీతోను ముగిసెను. మద్దతు ముగిసినపిమ్మట క్రొత్తగా బయటపడు లోపములకు సవరణలు మామూలుగా అందవు. కావున మార్చక తప్పదు. పని నిలుపుటకును వీలులేదు. మఱి మార్చుట యెట్లు?

అమరిక

ఒక్కొక్క సర్వరునందు పెక్కు వర్చువల్ మెషీనులు, అనగా కల్పిత యంత్రములు, నడచును. వాని డిస్కులు మాత్రము వేఱొక స్టోరేజి పెట్టెలో నుండును. ఆ పెట్టెను సర్వరులన్నియు పంచుకొనును. అందుచే నడచుచున్న మెషీనును, దాని డిస్కును కదల్పకయే, మఱియొక సర్వరునకు మార్చవచ్చును. 2003లో వచ్చిన ఈ ప్రక్రియకు వీమోషన్ అని పేరు.

పెట్టెలో కంట్రోలరులు రెండు. నడుమ స్విచ్చిలు రెండు. సర్వరునందు కార్డులు రెండు. ఒక్కొక్క కార్డు ఒక్కొక్క స్విచ్చికిని, ప్రతి స్విచ్చి రెండు కంట్రోలరులకును కలుపబడును. కావున సర్వరునుండి పెట్టెకు 2 × 2 = 4 త్రోవలు ఏర్పడును.

లెక్క

నాలుగు సర్వరులు ఒక్కొక్కటి నూటికి 60 వంతుల బరువు మోయుచున్నవనుకొందము. మొత్తము 240. ఒకదానిని ఖాళీచేసిన, తక్కిన మూటిమీద తలకు 80 పడును, చాలును. ఒక్కొక్కటి 80 మోయుచున్నచో మొత్తము 320. మూటికి పంచిన తలకు 106 దాటును. అపుడు పని సాగదు. కావున లెక్క ముందు, పని తరువాత.

క్రమము

1. కార్డులు, స్టోరేజి పెట్టె క్రొత్త సాఫ్టువేరుకు సరిపడునో లేదో తయారీదారుల పట్టికలో చూడవలెను.
2. బ్యాకప్ తీసి, అది తిరిగి తెరచుకొనుచున్నదో లేదో పరీక్షింపవలెను.
3. సర్వరులను పాలించు వీసెంటర్‌ను మొదట నవీకరింపవలెను.
4. ప్రతి సర్వరునుండి నాలుగు త్రోవలును పనిచేయుచున్నవేమో చూడవలెను.
5. ఒక సర్వరును మెయింటెనెన్సు స్థితికి తెచ్చి, మెషీనులను తరలించి, నవీకరించి, మరల ప్రారంభింపవలెను.
6. నాలుగు త్రోవలు తిరిగి కనబడిన పిమ్మటనే రెండవ సర్వరును ముట్టవలెను.

ముఖ్యమైన హెచ్చరిక

నాలుగవ మెట్టును పలువురు దాటవేయుదురు. రెండేసి యున్నచోట ఒకటి చెడినను పని సాగుచునే యుండును. అందుచే చెడినదని ఎవరికిని తెలియదు. ఒక సర్వరునకు మొదటి కంట్రోలరు త్రోవలు ఎన్నడో తెగిపోయినవనుకొనుడు. పెట్టె సాఫ్టువేరును మార్చునపుడు రెండవ కంట్రోలరు కాసేపు ఆగును. ఆ క్షణమున ఆ సర్వరునకు డిస్కులన్నియు మాయమగును. దానిమీది మెషీనులు నిలిచిపోవును. కావున పెట్టెను, సర్వరులను ఒకే దినమున మార్చరాదు. జంటయున్నదను ధైర్యము, ఆ జంటలో రెండును బ్రదికియున్నవని చూచినపుడే సార్థకము.

ప్రశ్నలు

1. మెషీనును తరలించునపుడు డిస్కును కదల్పనక్కఱలేదు. ఏల?
2. ఐదు సర్వరులు నూటికి 70 చొప్పున మోయుచున్నవి. ఒకదానిని ఖాళీ చేయవచ్చునా? లెక్కించి చెప్పుడు.