సరస్సు ఒడ్డున కూడా వంటగదేనా?

సమస్య



నా వయసు 64. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ముప్ఫై ఏళ్లకు పైగా అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటున్నాం. నేను ఒక ఆసుపత్రిలో బిల్లింగ్ పని చేసి రిటైరయ్యాను. మావారికి 68. ఇంజినీరుగా రిటైరయ్యారు. షుగరు, బీపీ ఉన్నాయి. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన గదిలో అమెరికా మ్యాపు ఒకటి గోడకు ఉండేది. రిటైరయ్యాక ఇదంతా తిరగాలనేవారు. కిందటేడు ఇరవై ఆరడుగుల మోటర్‌హోమ్ కొన్నారు. ఆయన ఉత్సాహం చూసి నేనూ సంతోషించాను.

మొన్న ఏప్రిల్‌లో ఆర్కన్సాలోని వాషిటా సరస్సుకు వెళ్లాం. ఇక్కడి నుంచి సుమారు మూడు వందల మైళ్లు. రెండు రోజుల ముందు నుంచీ బియ్యం, పప్పులు, పొడులు, పెరుగు తోడు, మందులు, దుప్పట్లు సర్దుతూనే ఉన్నాను. ఆయన టైర్లలో గాలి చూసుకున్నారు, ట్యాంకులో నీళ్లు నింపారు. ఉదయం బయల్దేరాల్సినవాళ్లం కదిలేసరికి ఒంటిగంట దాటింది. దారంతా ఈదురుగాలి. బండి పక్కకు ఊగుతుంటే నాకు గుండె దడ. భోజనానికి ఎక్కడా ఆపలేదు. నేను పులిహోర ముద్దలు చేసి అందిస్తుంటే ఆయన ఒంటి చేత్తో స్టీరింగ్ పట్టుకుని తిన్నారు.

చేరేసరికి చీకటి పడింది. నా చేతికి టార్చిలైటు ఇచ్చి దింపి, బండి వెనక్కి పెట్టడానికి దారి చూపించమన్నారు. నేను ఎడమ అంటే నా ఎడమో, ఆయన ఎడమో ఇద్దరికీ తెలియలేదు. బండి పైభాగం చెట్టుకొమ్మకు గీసుకుంది. పక్కవాళ్లంతా చూస్తుండగా "ఇంత మాత్రం చెప్పలేవా?" అని కేకలేశారు. లోపలికొచ్చాక "వేడిగా చారు పెట్టు" అన్నారు. పోపు వేయగానే పొగ అలారం మోగింది. ఆ రాత్రి గాలికి రేకు చప్పుడవుతుంటే నాకు కన్ను మూతపడలేదు.

తెల్లారి ఆయన ఒడ్డున కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ "స్వర్గంలా ఉంది కదూ" అన్నారు. నిజమే. నీళ్ల మీద మంచు లేస్తోంది. అదంతా నేను గిన్నెలు తోముతూ సింకు ముందున్న కిటికీలోంచి చూశాను. మర్నాడే తిరుగు ప్రయాణం.

ఇప్పుడు ఇల్లు అమ్మేసి ఏడాదిపాటు బండిలోనే ఉందామంటున్నారు. వద్దంటే ఆయన కల పాడుచేసినదాన్నవుతానేమో. సరేనంటే నా గతి ఏమిటో తెలియడం లేదు. నన్నేం చేయమంటారు?

– పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు, డల్లాస్

సలహా

సోదరీ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ సింకు ముందున్న కిటికీ దగ్గరే ఆగాను. నీళ్ల మీద మంచు లేవడం మీరూ చూశారు, మీకూ నచ్చింది. కాబట్టి మీకు ప్రయాణమంటే పడదని ఎవరూ అనలేరు. మీవారు రిటైరయ్యారు, మీరింకా కాలేదు. మీ బాధకు మూలం ఇదే.

ఆయన బండి నడిపితే అది పనిగా కనిపిస్తుంది. మీరు రెండు రోజులు సర్దినది ఎవరికీ కనిపించదు. ముందుగా ఈ మాట ఆయనతో చెప్పాలి. కోపంలో వద్దు, ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. "ఏమండీ, నాకూ మీతో తిరగాలనే ఉంది. కానీ మొన్నటిలాగా మాత్రం రాలేను" అనండి. ఆ తర్వాత ఏమేం మారాలో ఒక్కొక్కటిగా మాట్లాడుకోండి.

మోటర్‌హోమ్‌లో తిరిగేవాళ్లు పాటించే లెక్క ఒకటుంది: రోజుకు 300 మైళ్లకు మించకూడదు, మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరాలి, చేరినచోట కనీసం 3 రాత్రులు ఉండాలి. మీ ప్రయాణంలో దూరం సరిపోయింది. వేళ తప్పింది, రాత్రులూ చాలలేదు. మూడింటికే చేరి ఉంటే ఆ కొమ్మ ఇద్దరికీ కనిపించేది. ఒంటిగంటకు గానీ కదలలేకపోతే ఆ రోజు మానేసి మర్నాడు బయల్దేరడమే మేలు. ఎత్తయిన బండికి ఈదురుగాలి ప్రమాదం. గాలి హెచ్చరిక ఉన్న రోజు ఇంట్లో ఉండిపోవడంలో నామోషీ ఏమీ లేదు.

బండి వెనక్కి పెట్టేముందు ఇద్దరూ దిగి స్థలమంతా నడిచి చూడండి. కింద రాళ్లు, పైన కొమ్మలు చూసుకోండి. కుడి, ఎడమ అనే మాటలు వాడకండి. "డ్రైవరు వైపు", "తలుపు వైపు" అంటే తికమక ఉండదు. ఫోను స్పీకరులో పెట్టుకుంటే అరవనక్కర్లేదు. అద్దంలో మీరు కనిపించని క్షణం ఆయన బ్రేకు వేయాలి. గొంతు పెరిగినా బండి ఆగాలి.

ప్రయాణం రోజు పొయ్యి వెలిగించకండి. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, దద్దోజనం ఆ పూటకు చాలు. వాటిని దారిలో రెస్ట్ ఏరియాలో ఆగి, బల్ల దగ్గర కూర్చుని తినండి. షుగరు ఉన్న మనిషి వేళకు తినాలి, స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉండాలి. మిగతా రోజుల్లో పోపు బయట బల్ల మీద ఇండక్షన్ పొయ్యి పెట్టి వేసుకోండి. ఒక్క జాగ్రత్త: బండికి 30 ఆంపుల కరెంటు కనెక్షన్ అంటే అంతా కలిపి 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, ఇండక్షన్ పొయ్యి ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది.

ఇక పనులు మారాలి. ఆయన చారు పెట్టడం నేర్చుకోవాలి, గిన్నెలు తోమాలి. మీరు బండి నడపడం నేర్చుకోవాలి. మీరు కారు నడుపుతూనే ఉంటారు. టెక్సస్‌లో 26,000 పౌండ్ల లోపు మోటర్‌హోమ్‌కు మామూలు లైసెన్సు చాలు. ఆదివారం ఖాళీ పార్కింగ్ స్థలంలో రెండు గంటలు సాధన చేయండి. బీపీ ఉన్న మనిషికి అడవి దారిలో కళ్లు తిరిగితే ఆ బండిని నడపగలిగేది మీరొక్కరే. మురుగు ట్యాంకులు ఖాళీ చేసే పద్ధతీ ఇద్దరికీ తెలియాలి. ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత సబ్బునీళ్ల ట్యాంకు వదిలితే గొట్టం కడిగినట్లవుతుంది.

రాత్రి భయానికి కూడా మందుంది. చేరగానే మీ సైటు నంబరు, క్యాంప్‌గ్రౌండ్ పేరు, కౌంటీ పేరు కాగితం మీద రాసి తలుపు దగ్గర అంటించండి. తుపాను, టోర్నడో హెచ్చరికల్లో కౌంటీ పేర్లే చెబుతారు. కొత్తచోట ఆ పేరు మనకు తట్టదు. బ్యాటరీతో పనిచేసే వాతావరణ రేడియో ఒకటి దగ్గరుంచుకోండి. పక్కా భవనం ఎక్కడుందో వెలుగుండగానే చూసుకోండి. గాలివాన ముంచుకొస్తే బండిలో ఉండకూడదు. క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే హోస్టును పలకరించండి, పక్కవాళ్లను పరిచయం చేసుకోండి. తెలిసిన ముఖాలు నాలుగు ఉంటే నిద్ర అదే పడుతుంది.

చివరగా ఇంటి సంగతి. ఇప్పుడే అమ్మకండి. టెక్సస్ చట్టం ప్రకారం భార్యాభర్తలు నివాసముంటున్న ఇంటిని ఇద్దరి సంతకాలూ లేకుండా అమ్మడం కుదరదు. మీ సంతకం మీ చేతిలోనే ఉంది. ఆరోగ్యం మాటా చూసుకోవాలి. మీవారిది సాధారణ మెడికేర్ అయితే, దాన్ని అంగీకరించే డాక్టరు దేశంలో ఎక్కడున్నా చూపించుకోవచ్చు. మెడికేర్ అడ్వాంటేజ్ అయితే చాలా ప్లాన్లలో అత్యవసరం కాని వైద్యం సొంత ప్రాంతానికే పరిమితం. ఆయనకున్నది ఏదో ముందు తెలుసుకోండి. పైగా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ చూసే సరస్సుల దగ్గర మామూలుగా 30 రోజుల్లో 14 రోజులకు మించి ఉండనివ్వరు. ఏడాదంతా బండిలో ఉంటే మళ్లీ మళ్లీ సర్దుకుని కదలాల్సిందే.

కాబట్టి చిన్నగా మొదలుపెట్టండి. టెక్సోమా సరస్సు మీకు గంటన్నర దూరం. అక్కడ మూడు రాత్రులు ఉండి రండి. 62 నిండిన అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి 80 డాలర్లకు జీవితకాలపు సీనియర్ పాస్ ఇస్తారు. దానితో ఆర్మీ కోర్ క్యాంప్‌గ్రౌండ్లలో అద్దె సగమే. ఆ మూడు రాత్రులూ బాగా జరిగితే రెండు వారాలు, ఆపైన ఇంటికి తాళం వేసి రెండు నెలలు. అప్పటికీ మీ ఇద్దరికీ ఇష్టమైతే ఏడాది మాట ఆలోచించవచ్చు.

ఈ పేజీ మీవారికి చూపించండి. అయ్యా, మీ కల మంచిదే. దానికోసం మీరు జీవితమంతా కష్టపడ్డారు, ఆవిడా పడింది. టెక్సోమాలో మొదటి తెల్లవారుజామున కాఫీ మీరు కలపండి, ఒడ్డున రెండు కుర్చీలు వేయండి. ఆవిడ వచ్చి కూర్చున్నాకే మ్యాపు తీయండి.