ధూళి మాటున పుట్టు నక్షత్రములు

విద్యార్థులారా! మన ఆష్టి, సిరొంచ ప్రాంతములందు వేసవి సాయంకాలమున సూర్యబింబము ఎఱ్ఱగా కనబడును. గాలియు, అందలి ధూళియు నీలకాంతిని ఎక్కువగా చెదరగొట్టుటయే దీనికి కారణము. గెలాక్సీలయందలి ధూళియు ఇట్లే క్రొత్త నక్షత్రముల కాంతిని అడ్డగించును. మ్రింగిన కాంతిచే తాను వెచ్చబడి, కంటికి కనబడని పరారుణ కిరణములను వెలువరించును.

ఈ ధూళిని కొలుచుట ఎట్లు? నక్షత్రములచే వేడెక్కిన ఉదజని వాయువునందు ఎఱ్ఱని రేఖ నీలిరేఖకంటె సుమారు 2.86 రెట్లు ప్రకాశించును. ఆ నిష్పత్తి 5.72గా కనబడినచో, ఎఱ్ఱకాంతితో పోల్చగా నీలికాంతి సగమైనదని అర్థము. ఆ లోటునుబట్టి ఎఱ్ఱరేఖ అసలు ప్రకాశమును, దానినుండి ఏటేట ఎన్ని సూర్యులంత ద్రవ్యము నక్షత్రములగుచున్నదో గణింతురు.

కాని ధూళి మిక్కిలి దట్టమైనచో లోపలి కాంతి బయటకే రాదు. లెక్క తక్కువ చూపును. 1983లో ఐరాస్ ఉపగ్రహము అట్టి గెలాక్సీలను వేలకొలది గుర్తించెను. వానియందు పరారుణ కాంతినికూడ కొలిచినగాని నిజము తేలదు.

గాలిలోని నీటియావిరి దూర పరారుణ కిరణములను భూమికి చేరనీయదు. అందుచేత టాటా మూల పరిశోధన సంస్థవారు హైదరాబాదునుండి 100 సెంటీమీటర్ల దర్పణముగల దూరదర్శినిని బెలూనుచే ఎత్తునకు పంపి, పాలపుంతలోని నక్షత్ర జన్మస్థానములను పరిశీలించిరి.

కనబడనిది లేనిదని తలంపరాదు. కొలుచు మార్గమును వెదకవలెను.