చార్మినార్ వీధులలో చరిత్ర నడక

హైదరాబాద్ పాతబస్తీ వేకువజామున మరొక నగరంలా ఉంటుంది. దుకాణాలు తెరవకముందే పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద ఎనిమిది, పదిమంది నిలబడి ఒక వ్యక్తి మాటలను శ్రద్ధగా ఆలకిస్తూ ఉంటే, వారు చరిత్ర నడకకు వచ్చిన సందర్శకులని గ్రహించవచ్చు. స్థానిక చరిత్రను, వంటకాలను కలిపి చూపించడం నేడు ఒక జీవనోపాధిగా రూపొందింది. దీనికి పెట్టుబడి స్వల్పం, పరిశ్రమ అధికం.

పత్తర్‌గట్టీ నుండి చార్‌కమాన్, గుల్జార్ హౌజ్, చార్మినార్, లాడ్‌బజార్ మీదుగా చౌమహల్లా ప్రాసాదం వరకు దూరం రెండు కిలోమీటర్లకు మించదు. అయినా ఆగుతూ, రుచి చూస్తూ సాగే ఆ నడకకు మూడు గంటలు చాలవు. మొదట నహారీ. అరబ్బీలో 'నహార్' అంటే పగలు. రాత్రంతా సన్నని సెగపై ఉడికిన ఈ మాంసపు పులుసును ఉదయాన్నే కుల్చాతో తింటారు. తరువాత ఇరానీ చాయ్. డికాషన్‌ను, పాలను వేర్వేరుగా మరగనిచ్చి చివరకు కప్పులో కలుపుతారు. ప్రతిచోటా కొద్దికొద్దిగానే తినిపించాలి. మొదటి మజిలీలోనే కడుపు నిండినవారికి చరిత్ర రుచించదు!

నిర్వాహకునికి అసలు పరీక్ష కథలలోనే ఎదురవుతుంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినార్‌ను నిర్మించాడన్నది నిశ్చయం. మహమ్మారి తొలగినందుకు గుర్తుగా కట్టాడని కొందరు, హిజ్రీ సహస్రాబ్దికి చిహ్నంగా కట్టాడని మరికొందరు చెబుతారు. భాగమతి ప్రణయగాథపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. శ్రోతలు కోరేది మాత్రం ఆ ప్రణయగాథనే. దానిని పూర్తిగా దాచితే నడక నీరసిస్తుంది. నిజమని చెబితే వచ్చినవారిని వంచించినట్లవుతుంది. కనుక నిజాయితీగల మార్గదర్శి 'అని చెప్పుకుంటారు' అన్న మాటను విడువడు. ఉస్మానియా బిస్కెట్ పుట్టుక గురించిన కథలకూ ఇదే వర్తిస్తుంది.

లెక్కలు మరింత కఠినమైనవి. పదిమంది వస్తారని రొట్టెలకు ముందుగా చెప్పి, వాన కారణంగా నలుగురే వస్తే మిగిలిన రొట్టెల నష్టం దుకాణదారునిపై పడకూడదు. చెప్పినంతకూ పైకం చెల్లించే నిర్వాహకునికే మరునాడు బల్లపై చోటు దొరుకుతుంది. నిత్యం వచ్చే హమాలీలను, ఆటోవాలాలను పక్కకు జరిపి ఛాయాచిత్రాలు తీసుకునే బృందాన్ని ఏ యజమానీ ఎక్కువకాలం సహించడు.

రంజాన్ మాసంలో నడక సాయంకాలానికి మారుతుంది. గోధుమలు, మాంసం, పప్పులు కలిపి భట్టీలో గంటల తరబడి ఉడికించి, కర్రలతో మెదిపిన హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. దానికోసమే దూరప్రాంతాల నుండి వచ్చేవారున్నారు. సూర్యాస్తమయ వేళ సమీపించగానే ఆవిరులు చిమ్మే భట్టీ ఎదుట సందర్శకులు ఆత్రపడతారు. మార్గదర్శి వారిని వీధి అంచున నిలుపుతాడు. ఉపవాసమున్నవారు ఖర్జూరం నోట వేసుకుని, నీరు త్రాగి, హలీమ్ గిన్నె అందుకున్న తరువాతనే తన బృందాన్ని ముందుకు పిలుస్తాడు.