న్యూజెర్సీలో ఉన్న మనవరాలికి: మేపుల్ ఆకు కుట్టడం, ఫ్రేము కట్టడం

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో సెప్టెంబరు చివర్లో చెట్లు రంగు మారడం మొదలుపెడతాయి. ఆ రోజుల్లో అక్కడి ఇళ్లలో గోడకీ గుమ్మానికీ పెట్టుకునే క్రాస్ కుట్టు బొమ్మల్లో మేపుల్ ఆకులు, ఓక్ కాయలు, గుమ్మడికాయలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిసారి కుట్టేవారికి ఒక్క మేపుల్ ఆకు చాలు. గడుల గుడ్డ మీద అంచులు మెట్లుమెట్లుగానే వస్తాయి. గుమ్మడికాయ గుండ్రదనానికి అది అడ్డం, మేపుల్ ఆకు పళ్ల అంచుకు అదే అందం.

గుడ్డ 14 కౌంట్ అయిదా తీసుకోవాలి, అంటే అంగుళానికి 14 గడులు. 70 గడుల వెడల్పు, 84 గడుల ఎత్తు ఉన్న నమూనా ఈ గుడ్డ మీద 5 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు వస్తుంది. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదిలి 11 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున ముక్క కత్తిరించాలి. ఈ అంచు దండగ కాదు, రేపు ఫ్రేములో బొమ్మను బిగించేది అదే. సూది మొన మొద్దుగా ఉండే 24 నంబరుది. దారం లచ్చి 8 మీటర్లుంటుంది, అందులో 6 పోగులు. ఈ గుడ్డకు 2 పోగులు సరిపోతాయి.

అసలు పని రంగుల ఎంపికలో ఉంది. పగళ్లు కురచయ్యేకొద్దీ ఆకులో పత్రహరితం విరిగిపోయి, అడుగున ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, దాన్ని ఆకు ఆ కాలంలో కొత్తగా తయారుచేసుకుంటుంది. అందుకే రాలిన ఆకును చేతిలోకి తీసుకుని చూస్తే కొసలు ఎర్రగా, నడుమ పసుపుగా, ఈనెల పక్కన ఇంకా కాస్త పచ్చగా కనిపించడం మామూలే. ఒకే ఎరుపుతో నింపేస్తే అది రంగు కాగితం కత్తిరించి అతికించినట్టుంటుంది. డీఎంసీ కంపెనీ దారాల్లో 919 నుంచి 922 వరకు రాగి ఛాయలు వరసగా ముదురు నుంచి లేతకు దిగుతాయి. వాటికి ఒక పసుపు, ఒక పాత ఆకుపచ్చ చేరిస్తే ఆకు బతికొస్తుంది. అంచు గీతకు నలుపు వద్దు. నలుపులా కనిపించే గోధుమరంగు 3371 ఒక్క పోగుతో వేస్తే మెత్తగా ఉంటుంది.

కుట్టు అంటే ఇంటూ గుర్తే. పైకాలు ఎప్పుడూ ఒకే వైపు వాలాలి, లేకపోతే వెలుతురు పడినప్పుడు ఆకు మీద మచ్చలు కనిపిస్తాయి. ముడి వేయకూడదు. ముడి ఉన్నచోట బిగించాక గుడ్డ ఉబ్బుతుంది. రెండు మూరల ఒంటి పోగును సగానికి మడిచి, రెండు కొసలూ సూది బెజ్జంలోకి ఎక్కించి, మొదటి కుట్టులో సూదిని వెనకనున్న ఉచ్చులోంచి లాగితే దారం దానంతటదే పట్టుకుంటుంది. ఖాళీ గుడ్డ వెనకగా ముదురు దారాన్ని ఈడ్చుకెళ్లకూడదు, గడుల సందుల్లోంచి నీడలా కనిపిస్తుంది.

కుట్టడం అయ్యాక చల్లటి నీళ్లలో కొద్దిపాటి మెత్తని సబ్బుతో ఉతకాలి. ఎరుపు దిగితే కంగారు పడి ఆరేయకూడదు, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. తువాలులో చుట్టి తడి అద్ది, మందపాటి తువాలు మీద బోర్లా పరిచి ఇస్త్రీ చేయాలి. నేరుగా బొమ్మ మీద పెడితే కుట్లు అణిగిపోతాయి.

ఫ్రేముకు ముందు యాసిడ్ లేని మౌంట్ బోర్డును 7 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తున కోయాలి. జిగురు మాత్రం వద్దే వద్దు. ఏళ్లు గడిస్తే అది పసుపెక్కుతుంది, గుడ్డను మళ్లీ ఊడదీయడానికీ వీలుండదు. ఒక్కో వైపు నడిమధ్య నుంచి మొదలుపెట్టి, గడుల వరస బోర్డు అంచుకు సమంగా ఉందో లేదో చూసుకుంటూ అంచు మందంలోకి గుండుసూదులు గుచ్చుకుంటూ పోవాలి. వెనక మిగిలిన రెండేసి అంగుళాల గుడ్డను గట్టి దారంతో ఈ అంచు నుంచి ఆ అంచుకు మంచం నులక బిగించినట్టు లాగి కట్టాలి. ముందు ఎదురెదురు రెండు వైపులు, తర్వాత మిగిలిన రెండు. తర్వాత గుండుసూదులు తీసేయాలి. అద్దం కుట్లను తాకకూడదు. తాకితే లోపలి చెమ్మ గుడ్డకు పట్టి బూజు వస్తుంది. మధ్యలో మందపాటి మౌంట్ చట్రం పెడితే కావలసిన సందు దొరుకుతుంది. ఎండ తగలని గోడకే తగిలించాలి, రాగి ఛాయలు వెలిస్తే తిరిగి రావు.

వెనక మేకులు కాకుండా తిప్పే క్లిప్పులున్న ఫ్రేము కొనడం మేలు, బొమ్మ మార్చుకోవడం తేలిక. ఆకులు రంగు మారే రోజులకు కాస్త అటూఇటూగా బతుకమ్మ కూడా వస్తుంది. అదే కొలత గుడ్డ మీద, మిగిలిన పసుపు దారంతో తంగేడు పూలు కుట్టి ఉంచుకుంటే ఆ తొమ్మిది రోజులూ ఫ్రేములో అవి ఉంటాయి. తీసిన ఆకు బొమ్మను బోర్డు నుంచి విప్పకుండా, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, దాని మీద బరువేమీ పెట్టకుండా అల్మారాలో పడుకోబెట్టాలి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ