సందేహాలు – సమాధానాలు: సర్దికి యాంటీబయోటిక్ ఎందుకు పనిచేయదు?

ప్రశ్న: బొంతపల్లిలో బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్టు పని చేస్తాను. మేం తయారుచేసేది యాంటీబయోటిక్కే. మా బాబుకు సర్ది, జ్వరం వస్తే డాక్టరు పారాసిటమాల్ ఒక్కటే రాసి, ‘వైరస్, అదే పోతుంది’ అన్నారు. బ్యాక్టీరియానే చంపే మందు అంతకన్నా చిన్న వైరస్‌ను చంపలేదా?
– ఓ కార్మికుడు, బొంతపల్లి

జవాబు: ఇక్కడ చిన్నా పెద్దా లెక్క కాదు. మందు పట్టుకోవడానికి అవతల ఏదో ఒక భాగం ఉండాలి. బ్యాక్టీరియా ఏకకణ జీవే అయినా అన్ని హంగులూ ఉన్న కణం. బయట పెప్టిడోగ్లైకాన్‌తో కట్టిన గట్టి గోడ, దాని లోపల పలుచటి పొర, నడుమ కేంద్రకం అంటూ లేకుండా చుట్టలు చుట్టుకున్న డీఎన్‌ఏ, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు. అమాక్సిసిలిన్ ఆ గోడ కట్టనివ్వదు. లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. అజిత్రోమైసిన్ రైబోజోముకు అడ్డం పడుతుంది. టెట్రాసైక్లిన్లదీ అదే దారి. వాటిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. సిప్రోఫ్లాక్సాసిన్ అయితే డీఎన్‌ఏ మెలికలను సరిచేసే జైరేజ్ ఎంజైమును పట్టుకుంటుంది. మన కణాలకు గోడ లేదు, మన రైబోజోముల నిర్మాణమూ వేరు. కాబట్టే ఈ మందులు మనల్ని చాలావరకు వదిలేస్తాయి.

వైరస్‌లో ఇవేవీ లేవు. ఒక ప్రొటీన్ తొడుగు, అందులో డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ, కొన్నిటికి పైన కొవ్వు పొర, అంతే. తిండి లేదు, ఎదుగుదల లేదు. మన కణంలో దూరి మన రైబోజోములతోనే తన ప్రొటీన్లు చేయించుకుంటుంది. ఇక అమాక్సిసిలిన్ పడగొట్టడానికి గోడ ఎక్కడుంది? కొన్ని వైరస్‌లకు వేరే మందులున్నాయి గాని, మామూలు సర్దికి లేవు. మీ డాక్టరు చేసింది సరైన పనే. ఆత్రపడి మందుల షాపులో గోలీలు అడిగి తేకండి. జ్వరం తగ్గకపోయినా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, చెవి నొప్పి అన్నా మళ్లీ చూపించండి.

ప్రశ్న: కంపెనీల నీళ్లతో వాగులో యాంటీబయోటిక్ కలిస్తే బ్యాక్టీరియా చావాలి కదా, భయమెందుకు?
– డిగ్రీ విద్యార్థి, ఇస్నాపూర్

జవాబు: చస్తుంది, కానీ చచ్చేది బలహీనమైనదే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియాకు మందును తట్టుకునే జన్యువులు ఉంటాయి. అవి చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటాయి. ఒక బ్యాక్టీరియా పైలస్ అనే సన్నటి గొట్టాన్ని చాచి పక్కదాన్ని పట్టుకుని ఆ వలయం నకలు అందిస్తుంది. పక్కది వేరే జాతిదైనా అందుకుంటుంది. మట్టిలో ఉండే అమాయకపు సూక్ష్మజీవి నుంచి రోగకారికి నిరోధం చేరేది ఇలాగే. 2011లో వెలువడిన మరో అధ్యయనం ఇక్కడి వాగు అడుగు మట్టిలో ఇలాంటి జన్యువులు భారీగా ఉన్నట్టు చూపింది. నీటి రంగు, వాసన, సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం) చూసి ‘బాగానే ఉంది’ అనే పరీక్షలకు ఈ సంగతి అందదు. మందు అవశేషాలను కూడా కొలవాల్సిందే.

ప్రశ్న: కంది చేనులో ఆకులు చిన్నవై, పచ్చని మచ్చలు పడి, పూతే రావడం లేదు. స్ట్రెప్టోసైక్లిన్ కొట్టమంటారా?
– రైతు, గుమ్మడిదల

జవాబు: వద్దు, డబ్బు దండగ. స్ట్రెప్టోసైక్లిన్ కూడా యాంటీబయోటిక్కే. మీరు చెప్పే లక్షణాలు వెర్రి తెగులువి. దానికీ కారణం వైరసే, కంటికి ఆనని నల్లి దాన్ని మోస్తుంది. 1931లోనే బిహార్‌లోని పూసాలో నమోదైన ఈ తెగులుకు కారణమైన వైరస్‌ను గుర్తించడానికి దాదాపు ఏడు దశాబ్దాలు పట్టింది. ఆ పని జరిగిందీ మీ పక్కనే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో. తెగులు సోకిన మొక్కలను తొలిదశలోనే పీకి కాల్చేయండి. నల్లి మందు కొట్టాలో లేదో వ్యవసాయ అధికారికి చేను చూపించి అడగండి. వచ్చే వానకాలానికి తెగులును తట్టుకునే ‘ఆశ’ వంటి రకం విత్తనం తెచ్చుకోండి.