మడ అడవి బురద చెప్పిన పాఠం: పత్తి కట్టె కలిపితే మిరప ఎందుకు పసుపెక్కింది?

పోయినేడు నేను చేసిన పొరపాటుతో మొదలుపెడతాను. పత్తి కట్టె తగలబెట్టకూడదని ష్రెడర్‌తో ముక్కలు చేయించా. కానీ ఆ పని మిరప నాటడానికి మూడు వారాల ముందు చేశా. నాటిన మొక్కలు పసుపెక్కి, ఎదగడం ఆగిపోయాయి. కారణం నాకు నిజాంపట్నం మడ అడవుల బురద దగ్గర అర్థమైంది. వీడియోలో మొదట కనిపించేది అదే.

ఒకప్పుడు మడ చెట్లను మొత్తంగా నరికిన చోట నేల కుంగి పళ్లెంలా మారింది. పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోలేదు. ఆవిరై ఉప్పు పేరుకుంది, కొత్త మొక్క బతకలేదు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, మడ మొక్కలు నాటించాయి. నీరు మళ్లీ ఆడింది. చెట్టు వచ్చింది, ఆకు రాలింది, సూక్ష్మజీవులకు మేత దొరికింది.

రాలిన ఆకు నుంచి ముందు నీటిలో కరిగేవి పోతాయి. తర్వాత బాక్టీరియా, శిలీంధ్రాలు పట్టుకుంటాయి. పీతలు ముక్కలు చేస్తాయి. గాలి తగిలే పైపొరలో పని వేగం. కింద ఆక్సిజన్ ఉండదు కాబట్టి అక్కడి బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుంటాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన అందుకే. అక్కడ కుళ్లడం నెమ్మది, అందుకే కార్బన్ ఏళ్ల తరబడి బురదలో నిలుస్తుంది. మడ అడవికి ఆ నెమ్మదే మేలు.

ఇక అసలు సంగతి. మడ ఆకులో నత్రజని తక్కువ. అందుకని సూక్ష్మజీవులు చుట్టూ ఉన్న నీళ్ల నుంచి, బురద నుంచి నత్రజని లాక్కుంటాయి. నా చేలో జరిగిందీ అదే! పత్తి కట్టెలో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మిరపకు అందాల్సిన నత్రజనిని ముందే తినేశాయి. అవి చచ్చాక అది తిరిగి మట్టికే వస్తుంది, కానీ మొక్క అంతదాకా ఆగలేదు కదా.

ఈసారి నేను చేస్తున్నది:
1. పత్తి తీత అయిపోగానే కట్టె ముక్కలు చేయడం. గులాబీ రంగు పురుగుకూ ఆశ్రయం ఉండదు.
2. తొలకరికి జనుము చల్లి, పూతకు ముందే కట్టె ముక్కలతో కలిపి దున్నడం. నత్రజని అందుతుంది.
3. తేమ ఉన్నప్పుడు ఎకరాకు 200 లీటర్ల జీవామృతం.
4. నల్లరేగడిలో నీరు నిలవకుండా బోదెలు. గాలి ఆడకపోతే మన చేనూ మడ బురదే అవుతుంది.

మీరూ పరీక్షించండి. ఎండిన ముక్కలు 100 గ్రాములు నైలాన్ వల సంచిలో కట్టి, జానెడు లోతున పాతండి. ఇలాంటివి మూడు పెట్టి, నెలకొకటి తీసి, మట్టి దులిపి, ఆరబెట్టి తూయండి. బరువు తగ్గితే మట్టి పనిచేస్తున్నట్టే. మీ లెక్క కింద రాయండి.