పొగగొట్టం చుట్టూ సందు - మిద్దెకు చేటు

సంగటి గ్యాసు మీద కుదరదని, నీళ్ల కాగుకు గ్యాసు చాలదని మన జిల్లాలో చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి ఇంకా మండుతూనే ఉంది. పొగలేని పొయ్యిల పథకం 2002లో ఆగిపోయినా, ఆనాటి గొట్టాలు మట్టిమిద్దెల మీద అక్కడక్కడా కనిపిస్తాయి. గొట్టం బాగానే ఉంటుంది. అది మిద్దెను దాటే చోటే తంటా.

మనకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. కానీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒక్కోసారి కుమ్మరించేస్తుంది. గొట్టం పక్కన వేలు దూరే సందు చాలు, నీళ్లు దిగి మట్టి నాని దంతెలు పుచ్చిపోతాయి. వెనకాలే చెదలు.

నిప్పు భయం ఇంకోటి. ఒక ఏడాది మేము తొందరపడి సందులో గోనెపట్ట కుక్కి పైన మట్టి మెత్తాం. ఎండాకాలంలో ఒకరోజు కమురు వాసన! తవ్వి చూస్తే గోనె బొగ్గయింది, పక్కనున్న దంతె అంచు నల్లబడింది. మిద్దె మీద ఎద్దులకని దాచిన వేరుశనగ కట్టె ఉంది. పగలు కాబట్టి బతికిపోయాం.

పొయ్యి ఆర్పి, గొట్టం బాగా చల్లారినాక పాత మట్టి గీకెయ్యండి. ఏ కట్టె అయినా గొట్టానికి జానెడు ఎడంగా ఉండాలి. దగ్గరుంటే వడ్రంగిని పిలవండి, సొంతంగా కోస్తే కప్పు కుంగుతుంది. సందులో ఇటుక ముక్కలు పేర్చి, ఎర్రమట్టి, ఇసుక కలిపి తొక్కిన అడుసు కుక్కండి. గడ్డి, గుడ్డ, ప్లాస్టిక్ సంచి వద్దే వద్దు. ఆరితే బీటలిస్తుంది. అప్పుడు పలుచటి మట్టితో రెండోసారి పూయాలి. ఈ రెండో పూత ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, కారేదీ వాళ్ల ఇళ్లే. మిద్దె పైన గొట్టం చుట్టూ సున్నం, ఇసుకతో వాలుగా గట్టు కట్టి, చుట్టూ కొత్త చవుడు పరచండి.

రేకు గొట్టం వేడికి సాగుతుంది కనుక సిమెంటు అంటించినా విడిపోతుంది. దానికి రేకు గొడుగు బిగించి గట్టు మీదికి వాల్చండి. ఆస్‌బెస్టాస్ గొట్టాన్ని మాత్రం రంపంతో కోయొద్దు, గీకొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

పని అయినాక మిట్టమధ్యాహ్నం వంటింటి తలుపు మూసి పైకి చూడండి. వెలుతురు చుక్క కనిపిస్తే సందు ఉన్నట్టే. ఆ తర్వాత పొయ్యిలో పచ్చాకు వేసి, పొగ ఎక్కడ కారుతుందో చూసుకోండి.

సందులు మూశాం కదా అని గవాచి మూయకండి. కంటికి కనిపించని విషవాయువు కూడా పొయ్యిలో పుడుతుంది.